ఇథాకా పచ్చికలో విషపు విందు

జూన్ నెల. మోకాలెత్తు పచ్చిక నడుమ దళసరి ఆకుల మొక్క ఒకటి. ఆకు వెనక ఆవగింజంత తెల్లటి గుడ్డు. అది చిట్లి, వెంట్రుక ముక్కంత పురుగు బయటికొస్తుంది. ముందు తన గుడ్డు పెంకునే తినేస్తుంది. తర్వాత ఆకు మీది నూగును గొరిగినట్టు కొరికి పక్కకు తీస్తుంది. ఇక ఆకు మీద పడుతుంది. పన్ను దిగిన చోటల్లా తెల్లటి పాలు పొంగుతాయి. ఆ పాలు జిగురు, గాలి తగిలితే గట్టిపడతాయి. మూతికి అంటుకున్నాయంటే పురుగు పని సరి. పుట్టిన పూటే పాలలో చిక్కి చచ్చేవి చాలా ఉంటాయి. బతికి బట్టకట్టినది ఆకులో గుండ్రంగా గాడి కొరుకుతుంది. పాలు పారే నాళాలు తెగిపోతాయి. గాడి మధ్య పాలు రాని ముక్కను అప్పుడు నింపాదిగా తింటుంది.

ఆ మొక్క పేరు మిల్క్‌వీడ్. మన జిల్లేడుకు దగ్గరి చుట్టం. ఆ పురుగు కొద్ది వారాల్లో నారింజ రంగు రెక్కల మోనార్క్ సీతాకోకచిలుకవుతుంది. అమెరికాలో, న్యూయార్క్ నగరానికి వాయవ్యంగా, రోడ్డు మీద దాదాపు 360 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఇథాకా చుట్టూ గట్ల మీదా బీళ్లలోనూ ప్రతి వేసవీ ఈ పోరు నడుస్తుంది. దాన్ని ఏళ్ల తరబడి కూర్చుని చూసినవాళ్లూ ఇక్కడే ఉన్నారు.

ఇథాకా చిన్న ఊరు. 2020 జనాభా లెక్కల్లో 32 వేల మంది. గ్రీకు పురాణంలో యులిసిస్ పాలించిన దీవి పేరు పెట్టారు. ఊరికి ఉత్తరాన కయూగా సరస్సు అరవై కిలోమీటర్ల పొడవున సన్నగా సాగుతుంది. మంచుయుగంలో హిమానీనదాలు చెక్కిన లోయలు, ఊరి మధ్యలోకే దూసుకొచ్చే వాగులు, అడుగడుగునా జలపాతాలు. దగ్గర్లోని టాగనాక్ జలపాతం 66 మీటర్ల ఎత్తు నుంచి పడుతుంది. ఎత్తులో నయాగరాను మించింది. కొండ మీద 1865లో పుట్టిన కార్నెల్ విశ్వవిద్యాలయం. నవలాకారుడు వ్లదిమీర్ నబొకోవ్ 1948 నుంచి 1959 వరకు ఇక్కడే సాహిత్యం బోధించాడు. ఆయన సాహిత్యానికి ఎంతటివాడో సీతాకోకలకూ అంతటివాడు. ఆ రోజుల్లో పట్టిన సీతాకోకల్లో చాలావాటిని కార్నెల్ కీటకాల భాండాగారానికి ఇచ్చాడు.

ఈ ఊరి గురించి రాసేవాళ్లు సాధారణంగా జలపాతాలతో ఆగిపోతారు. నాకు మాత్రం ఇక్కడి పొలాలే ముఖ్యం. ఏ పంటను ఏ పురుగు ఎందుకు తింటుంది, ఎప్పుడు తినలేకపోతుంది అన్న ప్రశ్నకు ఇంత ఓపికగా, ఇన్నేళ్లు జవాబు వెతికిన చోట్లు ప్రపంచంలో కొద్దే.

ప్రస్తుతం ఆ వెతుకులాటలో ముందున్న పేరు అనురాగ్ అగ్రవాల్. భారతీయ సంతతి అమెరికన్, పరిణామ జీవావరణ శాస్త్రవేత్త. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణంలో 1999లో డాక్టరేట్ పూర్తిచేసి, తర్వాత కార్నెల్‌కు వచ్చాడు. 2021లో అమెరికా జాతీయ సైన్సు అకాడమీకి ఎన్నికయ్యాడు. మోనార్క్‌కూ మిల్క్‌వీడ్‌కూ మధ్య లక్షల ఏళ్లుగా సాగుతున్న పోరు మీద 2017లో పుస్తకం రాశాడు.

ఆయన పేరు మొదట వినపడింది ఒక ముల్లంగి వల్ల. అడవి ముల్లంగి మొక్కల మీద క్యాబేజీ సీతాకోక పురుగుల్ని కాసేపు మేపి తీసేశాడు. ఆ మొక్కలు ఊరుకోలేదు. ఆకుల్లో ఘాటు పెంచుకున్నాయి, తర్వాత వచ్చిన పురుగుల్ని దూరం పెట్టాయి, దెబ్బ తగలని మొక్కలకంటే ఎక్కువ గింజలు కాశాయి. 1998 నాటి ఆ ఫలితం కంటే మరుసటి ఏడాది వచ్చినది నన్ను ఎక్కువ ఆశ్చర్యపరిచింది. పురుగు కొరికిన తల్లి మొక్క గింజల నుంచి మొలిచిన పిల్ల మొక్కలు కూడా పురుగును బాగా తట్టుకున్నాయి. తల్లికి తగిలిన దెబ్బ బిడ్డకు అందిందన్నమాట.

మిల్క్‌వీడ్ పాలలో ఉన్నది జిగురొక్కటే కాదు, విషం కూడా. కార్డినొలైడ్లు అనే ఆ విషాలు మన గన్నేరులోనూ జిల్లేడులోనూ ఉంటాయి. జంతువుల కణాల్లో సోడియాన్ని బయటికి తోడే పంపు లాంటి ప్రొటీన్ ఒకటుంది. విషం వెళ్లి దానికి అడ్డం పడుతుంది. గుండె లయ తప్పుతుంది. మోనార్క్ మాత్రం ఆ ప్రొటీన్‌లో కొద్ది చోట్ల మార్పులు సంపాదించుకుంది. తాళం గాడి మారిపోయాక పాత చెవి పట్టదు కదా, అలాగే విషం అతుక్కోదు. 2019లో అగ్రవాల్ కూడా ఉన్న ఒక బృందం మామూలు పండ్ల ఈగ జన్యువులో సరిగ్గా ఆ మూడు మార్పులే చేసింది. ఈగ విషాన్ని తట్టుకుని నిలిచింది. అంతటితో ఆగలేదు, మోనార్క్ లాగే కొంత విషాన్ని ఒంట్లో దాచుకుంది కూడా.

మోనార్క్‌కు ఆ విషమే కవచం. తిన్న పక్షి కక్కుకుంటుంది, మళ్లీ ఆ నారింజ రంగు జోలికి పోదు. అయితే ఈ విందు దానికీ ఉచితంగా రాలేదు. మరీ ఘాటైన విషాల్ని మార్చి దాచుకునే పనిలో పురుగు ఎదుగుదల మందగిస్తుందని అగ్రవాల్ బృందం 2021లో చూపించింది. అటు మొక్కల వైపూ ఒక మార్పు కనిపించింది. మిల్క్‌వీడ్ వంశవృక్షాన్ని పరిశీలిస్తే కొన్ని జాతులు ఆయుధాలు పెంచుకుంటూ పోవడం మానేశాయి. తిన్నంత తినిపోనీ, మళ్లీ చిగురిద్దాం అన్న దారి పట్టాయి.

ఒకరికి విషమైనది ఇంకొకరికి విందు కావడం అడవి మొక్కలకే పరిమితం కాదు. మన పెరటి దోసపాదులోనూ ఇదే కథ. కోసిన దోసకాయ నాలుక మీద పెట్టి చూడకుండా వండేవాళ్లు మన ఇళ్లలో ఉండరు. చేదు తగిలితే కాయ పారేయడమే. ఆ చేదు కుకుర్బిటసిన్ అనే పదార్థం వల్ల వస్తుంది, మొక్క తనను తాను కాపాడుకోవడానికి తయారుచేసుకునేది. మొక్కలో ఆ చేదు ఉండాలా వద్దా అన్నది కీరదోసలో ఒకే ఒక్క జన్యువు తేలుస్తుంది. 1971లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక చిన్న వ్యాసం ఆ జన్యువు గురించి గమ్మత్తైన సంగతి చెప్పింది. చేదు ఉన్న మొక్క జోలికి ఎర్రనల్లి రాదు, కానీ దోస పెంకు పురుగులు ఆ చేదును వెతుక్కుంటూ వస్తాయి. చేదు లేని మొక్కను పెంకు పురుగు వదిలేస్తుంది, నల్లి పట్టుకుంటుంది. అగ్రవాల్ తొలినాళ్లలో ఈ కీరదోస మీదే పనిచేశాడు. తర్వాత కార్నెల్ కూరగాయల వంగడాల నిపుణుడు మైఖేల్ మజూరెక్‌తోనూ విద్యార్థులతోనూ కలిసి గుమ్మడి కుటుంబం మీద పడ్డాడు. అక్కడా అదే తంతు. ఒకే గుమ్మడి జాతిలో వేరువేరు చోట్ల మచ్చికైన రెండు శాఖలున్నాయి. పెంకు పురుగులు జుకినీ ఉన్న శాఖ మీద విరగబడతాయి, రెండో శాఖను అంతగా పట్టించుకోవు.

రైతు దృష్టితో చూస్తే దీని అర్థం ఒకటే. అన్ని పురుగుల్నీ ఆపే వంగడం అంటూ ఏదీ లేదు. ఒకదానికి తలుపు వేస్తే ఇంకోదానికి తెరుచుకుంటుంది. ఏ ఒక్క రకాన్నో నమ్మి ఊరు ఊరంతా అదే వేస్తే, దాన్ని తినడం నేర్చిన పురుగుకు ఊరంతా విస్తరే. బీటీ పత్తిలో గులాబీ రంగు పురుగు తిరిగొచ్చాక మన రైతులకు ఈ మాట ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు.

విస్తరి అన్న పోలిక నాకు రిచర్డ్ రూట్ ప్రయోగం చదివాక తట్టింది. అగ్రవాల్ కంటే ఒక తరం ముందు కార్నెల్‌లో పనిచేసిన శాస్త్రవేత్త ఆయన. 1960ల చివర్లో ఇథాకాలో మూడేళ్లపాటు కొలార్డ్ అనే ఆకుకూర పండించాడు. గడ్డ కట్టని క్యాబేజీ అనుకోండి. కొన్ని మడుల్లో అదొక్కటే వేశాడు. ఇంకొన్నిచోట్ల బీడు మొక్కల మధ్య ఒంటి సాలుగా వేశాడు. అదే నేల, అదే వాన. మూడేళ్లూ పురుగుల్ని లెక్కపెట్టాడు. ఒక్క పంటే ఉన్న మడుల్లో ఆకు తినే పురుగుల బరువు ఎక్కువ తేలింది. 1973లో ఆయన రాసిన వ్యాసం వ్యవసాయ కీటకశాస్త్రంలో ఇప్పటికీ మూలస్తంభం. కారణం రెండు రకాలుగా ఊహించాడు. మొదటిది, తిండి ఒక్కచోట గుత్తగా దొరికితే ఆ తిండికే అలవాటుపడ్డ పురుగు వచ్చి అక్కడే ఉండిపోతుంది, పిల్లల్నీ అక్కడే కంటుంది. రెండోది, కలగలుపు మొక్కల్లో సాలీళ్లు, కందిరీగలు, అక్షింతల పురుగులు లాంటి శత్రువులు ఎక్కువగా చేరి పురుగుల్ని తింటాయి. తన మడుల్లో మాత్రం మొదటి కారణమే బలంగా పనిచేసిందని ఆయన తేల్చాడు.

కలిపి వేస్తే చాలు, పురుగంటూ ఉండదని చెప్పేవాళ్ల మాట నేను నమ్మను. ఇథాకా పరిశోధనే ఆ మాటకు అడ్డం చెబుతుంది. రూట్, ఆయనతో పనిచేసిన పీటర్ కరీవా 1984లో క్యాబేజీ సీతాకోక నడవడిని వర్ణించారు. ఐరోపా నుంచి 1860 ప్రాంతంలో కెనడాలోని క్విబెక్‌కు చేరి, ఖండమంతా పాకిన తెల్ల సీతాకోక ఇది. పెంకు పురుగులా ఒకచోట తిష్ట వేయదు. దాదాపు తిన్నగా ఎగురుతూ, కింద మంచి మొక్కలున్నా కొన్నిటిని దాటేసి, ఒకటీ అరా గుడ్లు పెట్టుకుంటూ సాగిపోతుంది. ఒకే గంపలో సొత్తంతా పెట్టని ఇల్లాలి తీరు. ఇలాంటి పురుగుకు గుత్త పంట ప్రత్యేకంగా కలిసొచ్చేదేమీ లేదు. దూరంగా విసిరేసినట్టున్న మొక్కను కూడా అది వదలదు. ఏ పంట పక్కన ఏ పంట వేయాలో తెలియాలంటే ముందు ఆ పురుగు ఎలా ఎగురుతుందో తెలియాలి. అది పొలంలో కూర్చుని చూస్తేనే తెలుస్తుంది.

ఒకే జాతిలోని వైవిధ్యం సంగతీ అంతే ముఖ్యం. సాయంకాలం పసుపు పూలు విప్పే ఈవెనింగ్ ప్రిమ్‌రోజ్ అనే బీడు మొక్క ఉంది. దాని గింజ నుంచి మొలిచే మొక్క అచ్చం తల్లి నకలు. అందుకే ఏ మొక్క ఏ వంశానిదో పోల్చుకోవచ్చు. అగ్రవాల్ బృందం 18 వంశాల మొక్కల్ని కలిపి ఇథాకాలో మడులు వేసింది. సగం మడుల్లో పురుగుమందు కొడుతూ వచ్చింది, సగం వదిలేసింది. ఐదేళ్లలో దాదాపు 12 వేల మొక్కల్ని పరీక్షించారు. మందు కొట్టిన మడుల్లో పురుగును తట్టుకునే వంశాలు తగ్గిపోయాయి, కాయల్లో రక్షణ రసాయనాలు పలచబడ్డాయి. బదులుగా పక్క మొక్కలతో పోటీపడే శక్తి పెరిగింది. 2012లో అచ్చయిన ఈ పరిశోధన చదివినప్పుడల్లా నాకు మన పంటలే కళ్లముందు మెదులుతాయి. పరిణామం అంటే యుగాల మాట అనుకుంటాం. ఐదే ఐదేళ్లు. మందు నీడన పెరిగిన మొక్క తన రక్షణ తాను మరిచిపోవడానికి అంతకంటే ఎక్కువ పట్టలేదు. తరాల తరబడి మందు కొట్టిన క్షేత్రాల్లోనే ఎంపిక చేసుకుంటూ వచ్చిన వంగడాలు ఎంత మరిచిపోయి ఉంటాయో!

మోనార్క్ దగ్గరికే మళ్లీ రావాలి. సెప్టెంబర్‌లో ఇథాకా బీళ్లన్నీ గోల్డెన్‌రాడ్ పూలతో పచ్చగా పసుపు రాసుకున్నట్టుంటాయి. వాటి తేనె తాగి మోనార్క్‌లు దక్షిణానికి బయల్దేరతాయి. దాదాపు నాలుగు వేల కిలోమీటర్లు ఎగిరి మధ్య మెక్సికో కొండల మీది ఓయమెల్ ఫర్ చెట్ల మీద వాలతాయి. అంతకుముందు ఎప్పుడూ చూడని చోటికి, దారి చూపేవాళ్లు లేకుండా వెళ్తాయి. అక్కడ చెట్ల మీద అవి కమ్ముకున్న మేర ఎంతో ఏటా కొలుస్తారు. 1996-97 శీతాకాలంలో 18.19 హెక్టార్లు, అంటే దాదాపు 45 ఎకరాలు. 2013-14లో 0.67 హెక్టారు. ఎకరంన్నర పైచిలుకు. 2024-25లో కాస్త కోలుకుని 1.79 హెక్టార్లకు చేరింది. 2024 డిసెంబర్‌లో అమెరికా ప్రభుత్వం ఈ సీతాకోకను ముప్పున్న జీవుల జాబితాలో చేర్చాలని ప్రతిపాదించింది.

ఎందుకు తగ్గాయి? జాన్ ప్లెజంట్స్, కేరెన్ ఓబర్‌హౌజర్ 2012లో ఒక కారణం చూపారు. అమెరికా నడిమి రాష్ట్రాల్లో మొక్కజొన్న, సోయా సాళ్ల మధ్య మిల్క్‌వీడ్ కూడా పెరిగేది. గ్లైఫొసేట్ కలుపుమందును తట్టుకునే వంగడాలు వచ్చాక పొలమంతా మందు కొట్టే వీలు దొరికింది. 1999 నుంచి 2010 మధ్య ఆ ప్రాంతంలో మిల్క్‌వీడ్ 58 శాతం తగ్గిందని, అక్కడ పుట్టే మోనార్క్‌లు 81 శాతం తగ్గాయని వారి అంచనా. అగ్రవాల్ బృందం 2016లో వేరే మాట చెప్పింది. వేసవిలో వాలంటీర్లు లెక్కించిన సీతాకోకల సంఖ్య అదే తీరున పడిపోవడం లేదు, దక్షిణానికి సాగే ప్రయాణంలో ఏదో జరుగుతోంది, పూల తేనె కరువూ దారిలో చెదిరిపోయిన ఆవాసాలూ చూడాలి అంది. ఈ వాదన ఇంకా తెగలేదు. ఒకరు ఆకు అంటున్నారు, ఒకరు పువ్వు అంటున్నారు. ఆకైనా పువ్వైనా పొలం అంచున కలుపు అని మనం పీకేసే మొక్కదే.

ఈ గొడవలో ఇథాకా అంతకుముందే ఒకసారి పత్రికల మొదటి పేజీలకెక్కింది. 1999 మేలో కార్నెల్ శాస్త్రవేత్త జాన్ లోసీ బృందం బీటీ మొక్కజొన్న పుప్పొడి చల్లిన మిల్క్‌వీడ్ ఆకులు మోనార్క్ పురుగులకు పెట్టింది. నాలుగు రోజుల్లో 44 శాతం చచ్చిపోయాయి. దేశమంతా గగ్గోలు. రెండేళ్ల తర్వాత పొలాల్లో చేసిన విస్తృత పరీక్షలు, సాగులో ఎక్కువగా ఉన్న రకాల పుప్పొడితో ముప్పు చాలా తక్కువని తేల్చాయి. ప్రయోగశాలలో చల్లినంత పుప్పొడి బయట ఆకుల మీద పడదు. లోసీ చేసినది తప్పని నేను అనను. ఆ ప్రశ్న వేయడం వల్లే ఆ పరీక్షలు జరిగాయి.

శాస్త్రవేత్తలు రాకముందు ఈ నేలకు రైతులు లేకపోలేదు. హోడెనషోనీ అనే అమెరికా ఆదివాసీ సమాఖ్యలో భాగమైన కయూగా జాతి ప్రజలది ఈ నేల. వాళ్ల సేద్యంలో మూడు పంటల్ని ముగ్గురు అక్కచెల్లెళ్లంటారు: మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి. నాగలి లేదు. మట్టిని చిన్నచిన్న దిబ్బలుగా పోసి మూడూ కలిపి నాటేవారు. మొక్కజొన్న కాండం చిక్కుడుకు పందిరి. చిక్కుడు వేళ్లు నత్రజనిని నేలకు అందిస్తాయి. గుమ్మడి ఆకులు నేలను కప్పి తేమ ఆరనివ్వవు, కలుపును లేవనివ్వవు. కార్నెల్‌లో పనిచేసిన జేన్ మౌంట్ ప్లెజంట్ ఈ పద్ధతిని మళ్లీ పొలంలో వేసి కొలిచింది. అవే పంటల్ని విడివిడిగా వేసినదానికంటే ఎకరానికి ఎక్కువ ఆహారశక్తి, ఎక్కువ ప్రొటీన్ వచ్చాయని 2016లో రాసింది. మధ్య మధ్య కంది సాళ్లు వేసుకుని జొన్న పండించిన మన మెట్ట రైతుకు ఇందులో వింతేమీ ఉండదు. నవధాన్యాలు కలిపి చల్లడం, పత్తి చుట్టూ జొన్న కంచె పంటగా, ఆముదం ఎర పంటగా వేయడం మన దగ్గర ఇప్పటికీ ఉన్నాయి. జహీరాబాద్ దగ్గర ఏటా సంక్రాంతి తర్వాత పాత పంటల జాతరలో ఎడ్లబండ్ల మీద విత్తనాలు ఊరూరా తిరుగుతాయి.

కయూగా పొలాలు 1779లో కాలిపోయాయి. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో వాషింగ్టన్ ఆదేశం మీద జనరల్ సలివన్ సేన ఇటు వచ్చింది. నలభైకి పైగా ఊళ్లు తగలబెట్టింది. చేతికొచ్చిన మొక్కజొన్న కాల్చింది, పండ్లతోటలు నరికింది. ఇప్పటి ఇథాకాకు దక్షిణం అంచున టుటెలో ప్రజలు ఉండే కొరియోర్గొనెల్ అనే ఊరు ఆ సెప్టెంబర్‌లోనే బూడిదైంది. రూట్ కొలార్డ్ మడులు, అగ్రవాల్ ప్రిమ్‌రోజ్ మడులు పెరిగినది ఈ నేల మీదే. ఇథాకా గురించి ఏం రాసినా ఈ మాట లేకుండా రాయకూడదని నా అభిప్రాయం.

ఇప్పుడు సరస్సు ఒడ్డున రైతుబజారు ఒకటి నడుస్తోంది. 1973లో మొదలైంది. ముప్పై మైళ్ల లోపల పండించినదో తయారుచేసినదో మాత్రమే అక్కడ అమ్మాలి. ఉత్తరాన జెనీవా అనే ఊళ్లో ప్రభుత్వం వేలాది రకాల ఆపిల్ చెట్లను తోటగా పెంచుతోంది. ఆపిల్ పుట్టిల్లయిన కజకిస్థాన్ కొండల నుంచి తెచ్చిన అడవి ఆపిళ్లు అందులో ఉన్నాయి. వాటిలో చాలా కాయలు నోట పెట్టలేనంత వగరు. అయినా కొట్టేయరు. రేపు వచ్చే తెగులుకు మందు ఏ వగరు చెట్టులో ఉందో ఇవాళ ఎవరికీ తెలియదు.

మోనార్క్ మన దగ్గరికి రాదు. దాని చుట్టం వస్తుంది. మన జిల్లేడు ఆకుల మీద నలుపు, తెలుపు, పసుపు పట్టీల పురుగు కనబడుతుంది. మోనార్క్ పురుగుకు నల్ల కొమ్ములు రెండు జతలైతే దీనికి మూడు జతలు. పెద్దయితే నారింజ రెక్కలు, అంచున నలుపులో తెల్ల చుక్కలు. ఇథాకాలో చూసిన ఆ పోరే మన ఊరి గట్టు మీద కూడా జరుగుతోంది. ఈ వానాకాలం గట్టు మీది జిల్లేడు నరికేముందు ఒక్కసారి ఆకు తిప్పి చూడండి. గుడ్డు ఉంటే ఆ మొక్కను వదిలేయండి.